"సెట్ అవుతుంది సార్": మా మారుతి 800 ఇంజన్ పనికి నేను వేసిన మార్కులు

షాపు పేరు రాయను. విజయవాడ ఆటోనగర్‌లో లేత్‌లు, బాడీ కట్టేవాళ్లు, స్ప్రింగు పట్టీలవాళ్లు వరసగా ఉండే సందుల్లో ఒకదానిలో ఉంది. పేరు దాచడం మొహమాటంతో కాదు. ఆ మేస్త్రీ చేతిలో నిజంగా పని ఉంది. ఆ చేతికి కావలసింది వెనకాల నిలబడి ప్రశ్నలడిగే మనిషి. నేను నిలబడలేదు. గుడివాడ నుంచి రోజూ వెళ్లలేక ఫోను మీద నమ్మకం పెట్టుకున్నాను. దాని ఫలితమే ఈ సమీక్ష.

నేను విద్యుత్ శాఖలో ముప్ఫై నాలుగేళ్లు, అందులో ఎక్కువ భాగం సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాను. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగులో కాస్త తేడా వచ్చినా కుర్చీలోంచి లేచేవాణ్ణి. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇంట్లో ఫ్రిజ్ శబ్దం మారినా మా ఆవిడ కంటే ముందు నాకే తెలుస్తుంది. కనుక ఇందులో శబ్దాల గోల కొంచెం ఎక్కువగా ఉంటే ఓర్చుకోండి.

మా బండి 2004 మోడల్ మారుతి 800. తెల్లది. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఏడాదిగా నీలం పొగ వదులుతోంది. అయిదు వందల కిలోమీటర్లకు దాదాపు లీటరు ఆయిలు తాగుతోంది. ఇంజన్ పనికి పెట్టే డబ్బుతో ఇంకో పాత బండి కొనుక్కోవచ్చని అల్లుడు అన్నాడు. లెక్క ప్రకారం అతను చెప్పిందే నిజం. కానీ రిజిస్ట్రేషన్ రెండోసారి రెన్యూవల్ చేయించాను, 2029 దాకా ఉంది. బాడీకి తుప్పు లేదు. పైగా 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మోడల్ ఇది. 2014లో తయారీ ఆగిపోయినా సామాను ఇప్పటికీ దొరుకుతుంది. ఇవన్నీ అతనికి చెప్పాను. అసలు కారణం చెప్పలేదు. ఆ బండిలోనే అతని పెళ్లికి శుభలేఖలు పంచాను.

సంక్రాంతి వెళ్లాక బండి ఇచ్చాను. ఎనిమిది రోజులన్నాడు, పందొమ్మిది రోజులు పట్టింది. అది నేరంగా లెక్కించను. లేత్ దగ్గర వరస ఉంటుంది.

ముందు మంచి చెప్పాలి. ఇంజన్ విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఈ ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. సిలిండరు అసలు కొలత 68.5 మిల్లీమీటర్లు. మేస్త్రీ బోర్ గేజి పెట్టి పైన, మధ్యలో, కింద, మళ్లీ అడ్డంగా కొలిచాడు. రెండో సిలిండరు పైభాగంలో గోరు పెడితే అంచు తగులుతోంది. "0.50 వేద్దాం సార్. 0.25తో సరిపెడితే ఈ గాటు పూర్తిగా పోదు" అన్నాడు. అంటే సిలిండరును లోపల చెక్కి 69 మిల్లీమీటర్లకు వెడల్పు చేసే రీబోరు. సాన రాళ్లతో లోపల రుద్దే హోనింగు అయ్యాక గోడల మీద చాప అల్లికలా ఏటవాలు గీతలు పడ్డాయి. ఆయిలు పట్టి ఉంచేది ఆ గీతలే. క్రాంకు గ్రైండింగుకు వెళ్లింది. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు అల్యూమినియంది, వేడెక్కితే వంగుతుంది. దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద సన్నని ఫీలర్ గేజి రేకు తోసి చూశాడు. 0.05 మిల్లీమీటర్లు దాటి సందు ఉంటే చదును చేసే ఫేసింగుకు పంపాలి. మాది దాటింది, పంపాడు. వాల్వులు తానే కూర్చుని అరగదీసి, పెట్రోలు పోసి కారుతుందేమో చూశాడు. నా ఉద్యోగంలో ఇంత ఓపికగా పనిచేసేవాళ్లను నలుగురినే చూశాను.

ఆ నమ్మకంతోనే మిగతా రోజులు ఇంట్లో కూర్చున్నాను.

బండి చేతికి వచ్చిన రోజు ఇంజన్ నల్లరంగు వేసుకుని పెళ్లికొడుకులా ఉంది. తాళం తిప్పాను. ఇంజన్‌ను తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు బరువుగా, కొండ ఎక్కుతున్న ఎద్దుబండిలా రెండు చుట్లు తిరిగి, చివరికి అంటుకుంది. "ఏమిటిది మేస్త్రీ?" అంటే నవ్వాడు. "కొత్త ఇంజన్ సార్, టైటుగా ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకు సెట్ అవుతుంది."

ఈ మాటలో సగం నిజం ఉంది, అదే దీనితో ఇబ్బంది. కొత్త రింగులు సిలిండరు గోడకు ఒదిగేదాకా ఇంజన్ బిగువుగానే తిరుగుతుంది, సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అది సెట్ అయ్యే విషయమే. కానీ మరో రెండు వారాల్లో నేను చెప్పిన ప్రతి ఫిర్యాదుకూ ఇదే జవాబు వచ్చింది. బరువుగా తిరుగుతోందంటే సెట్ అవుతుంది. నీళ్లు కారుతున్నాయంటే సెట్ అవుతుంది. పళ్లు గీరుకుంటున్నాయంటే అదీ సెట్ అవుతుంది. రింగులకు చెప్పవలసిన మాటను గొట్టాలకూ గేర్లకూ చెప్పాడు.

మొదటిది నేనే పట్టుకున్నాను, కరెంటు పని కాబట్టి. నాలుగో రోజు ఉదయం సెల్ఫ్ మూడుసార్లు కొట్టాక, ఎందుకో క్లచ్ కేబుల్ మీద చెయ్యి పడింది. గోరువెచ్చగా ఉంది. బండి రాత్రంతా నిలబడి ఉంది, ఇంజన్ చల్లగా ఉంది, కేబుల్ మాత్రం వెచ్చగా ఉంది! సబ్‌స్టేషన్‌లో పనిచేసినవాడికి ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు. సెల్ఫ్ మోటారు కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి సరైన దారి లేక క్లచ్ కేబుల్‌లోంచి పోతోంది.

మల్టీమీటరు తెచ్చాను. బండి అంటుకోకుండా కాయిల్ సాకెట్టు పీకాను. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద రంగు గీకిన చోట పెట్టి, తాళం తిప్పమని మా ఆవిడతో చెప్పాను. ఆ రెండు చోట్ల మధ్య వోల్టేజీ దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్తు బాగా లేనట్టే. మా మీటరు 1.6 చూపించింది. సెల్ఫ్ నూరు ఆంపియర్లకు పైనే లాగుతుంది, అంత కరెంటు దగ్గర ఓములో నూరో వంతు అడ్డు ఉన్నా ఒక వోల్టు గాలికి పోతుంది. ఇంజన్‌ను బ్యాటరీ మైనస్‌కు కలిపే ఎర్తు పట్టీ విప్పి చూస్తే కింద నిగనిగలాడే కొత్త నల్లరంగు. ఇంజన్‌ను పెళ్లికొడుకును చేసిన ఆ రంగు మీదే పట్టీ పెట్టి బిగించారు. ఎమరీ కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, పట్టీ చివర కూడా శుభ్రం చేసి బిగించాను. మళ్లీ తాళం. 0.15. సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఖర్చు ఎమరీ కాగితం ధర. అంతటితో అయిపోయిందనుకుని ఆ రోజు మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

నీళ్ల సంగతి అంత తేలిగ్గా తేలలేదు.

నాకు బండి కింద పాత దినపత్రిక పరిచే అలవాటుంది. జిల్లా పేజీ అయితే చదివేసి ఉంటాను కాబట్టి బాధ లేదు. ఆ పేజీ మీద తారీకు ఉంటుంది, మరక ఉంటుంది. వేరే పుస్తకంలో రాసుకునే పని లేకుండా అదే రికార్డు. అయిదో రోజు ఉదయం రూపాయి బిళ్లంత ఆకుపచ్చ మరక. ఆరో రోజు రెండు. ఏడో రోజు అరచేయంత. రేడియేటరు పక్కనున్న నీళ్ల డబ్బాలో మట్టం కనిష్ఠ గీతకు దిగింది.

విజయవాడ వెళ్లాను. నలభై కిలోమీటర్లు దాటి వెళ్లేసరికి ఇంజన్ వేడి మీద ఉంది. మేస్త్రీ టార్చి వేసి, గుడ్డతో తుడిచి చూపించాడు. "ఎక్కడ సార్ లీకు? పొడిగా ఉంది కదా." నిజమే, పొడిగానే ఉంది. ఇంటికి తెచ్చాను. మర్నాడు ఉదయం పేపరు మీద మళ్లీ మరక. రెండోసారి వెళ్తే కుర్రాడు స్క్రూడ్రైవరు తీసుకుని కనిపించిన క్లిప్పునల్లా ఒక చుట్టు బిగించాడు. ఒక క్లిప్పు రబ్బరులోకి దిగి గొట్టాన్ని కోసింది. ఆ గొట్టం మార్చారు, దాని డబ్బు నా దగ్గరే తీసుకున్నారు. మూడోసారి వెళ్లినప్పుడు వచ్చిన సలహా ఇది: "రేడియేటరులో గుప్పెడు పసుపు వేయండి సార్, సన్న లీకులు మూసుకుపోతాయి."

ఇది చాలామంది చెప్పే చిట్కానే. మూసుకుపోవడం కూడా నిజమే. ముందుగా మూసుకుపోయేది రేడియేటరులోని సన్న గొట్టాలు, ఆ తర్వాత లీకు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే "పసుపు డబ్బా మీద చెయ్యి వేశారంటే ఊరుకోను" అంది. ఆ షాపువాళ్ల కంటే మా వంటింట్లోనే ఇంజినీరింగు ఎక్కువని ఆ రోజు తెలిసింది.

ఈలోపు నాకు నిద్ర పట్టడం లేదు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య నీళ్లూ మంటా కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయి ఉంటే మళ్లీ హెడ్డు దింపాలి. ఒక్కొక్కటే చూసుకున్నాను. ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటరు మూత తీసి స్టార్టు చేశాను, బుడగలు రాలేదు. ఆయిల్ పుల్ల తీసి చూశాను, పాలు కలిసిన టీ రంగు లేదు. వెనక గొట్టంలో తెల్లపొగ లేదు. ఉదయాన్నే స్టార్టు చేసిన అర నిమిషానికే పై హోసు రాయిలా గట్టిపడిందా? లేదు. అంటే మంట గాలి నీళ్లలోకి దూరడం లేదు. గాస్కెట్ క్షేమం. (ఒక హెచ్చరిక. మూత ఎప్పుడూ చల్లారాకే తీయాలి. మా రేడియేటరు మూత మీద 0.9 అని రాసి ఉంటుంది. ఆ పీడనం మీద నీళ్లు నూరు డిగ్రీల దగ్గర కాదు, దాదాపు 118 దగ్గర మరుగుతాయి. వేడి మీద మూత తీస్తే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి వస్తాయి.)

మిగిలిన ప్రశ్న ఒక్కటే. రాత్రి కారేది పగలు ఎందుకు కారడం లేదు? ఇక విజయవాడ మానేసి, మా ఇంటికి కిలోమీటరు దూరంలో రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఉన్న రేడియేటరు మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. విషయం చెప్పగానే అతను బండి కేసి చూడలేదు, గోడ గడియారం కేసి చూశాడు. "సాయంత్రం ఏడుకు రండి. వేడి మీద చూస్తే ఇది దొరకదు" అన్నాడు. అయిదొందలు డిపాజిట్ తీసుకుని, మూత బదులు బిగించే చేతి పంపును, దాని మీదున్న మీటరుతో సహా, రాత్రికి ఇంటికి ఇచ్చి పంపాడు. ఇంజన్ పూర్తిగా చల్లారాక పంపు కొట్టి 0.9 దగ్గర ఆపమన్నాడు.

ఆ రాత్రి నేను రెండుసార్లు లేచాను. పదకొండుకు 0.85. రెండున్నరకు 0.6. అయిదింటికి 0.4. చలికి ముడుచుకుని టార్చి పట్టుకుని బండి కింద పడుకున్నాను. చేతిలో టాయిలెట్ కాగితం ముక్కలు. తడి ఎక్కడుందో కంటికంటే కాగితానికి ముందు తెలుస్తుందని ఆ మేస్త్రీయే చెప్పాడు. కింద నుంచి పైకి ఒక్కొక్క చోటా ఒత్తుకుంటూ వెళ్లాను. సెల్ఫ్ మోటారు కింది అంచు తడి. దాని పైభాగం తడి. దాని మీది బ్లాకు అంచు తడి. అక్కడి నుంచి వాటర్ పంపుకు నీళ్లు చేర్చే ఇనుప పైపు పొడవునా సన్నటి తడి గీత. ఆ గీత చివర, హోసు పైపు మీదికి ఎక్కే చోట, క్లిప్పుకు అడుగున ఒక చుక్క. చూస్తుండగానే ఉబ్బింది, వేలాడింది, జారింది. పైపు వెంట పాకి సెల్ఫ్ మీద పడింది. నీళ్లు పేపరు మీద ఎక్కడ పడుతున్నాయో చూస్తూ వారం గడిపాను. అవి బయలుదేరేది అక్కడికి మూరెడు దూరంలో.

తెల్లారాక హోసు విప్పితే కథ మొత్తం ఆ పైపు చివర రాసి ఉంది. ఇరవై ఏళ్ల బోరు నీళ్లకు పైపు చివర తుప్పు పట్టి అమ్మవారు పోసిన మొహంలా గుంటలు పడింది. కొత్త హోసు వేశారు, కొత్త క్లిప్పు వేశారు, లోపల పాత పైపు అలాగే ఉంచారు. కనీసం గీకలేదు కూడా. వేడెక్కినప్పుడు రబ్బరూ ఇనుమూ ఉబ్బి గుంటలు మూసుకుంటాయి. తెల్లవారుజామున ముడుచుకుంటాయి, సందు తెరుచుకుంటుంది. షాపుకు వెళ్లే నలభై కిలోమీటర్లే ఆ లీకును దాచిపెడుతూ వచ్చాయి. కొత్త పైపు నాలుగు వందల లోపు. బిగించడానికి రెండు వందలు తీసుకున్నాడు. మళ్లీ రాత్రంతా పంపు పెట్టాను. తెల్లారేసరికి సూది ఒక్క గీత కూడా దిగలేదు. అయిదొందలు వెనక్కి ఇచ్చాడు, పంపు అద్దె ఎంతంటే నవ్వి ఊరుకున్నాడు. అతనికి అయిదుకు అయిదు. అతని షాపు పేరు రాద్దామనుకున్నాను, బోర్డే లేదు.

పైపు మార్చేటప్పుడు అతనే ఇంకొకటి కనిపెట్టాడు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు ఉండవలసిన చోట ఖాళీ. గూడు ఉంది, చిలక లేదు. ఆటోనగర్ మేస్త్రీకి ఫోను చేస్తే "మన ఎండలకు అది ఎందుకు సార్, తీసేశాను" అన్నాడు. హైవే మీద టెంపరేచరు సూది పావు దాటకపోవడం నేను గమనించాను, బండి చల్లగా నడుస్తోందని మురిసిపోయాను కూడా. ఇంజన్ పనిచేయవలసిన వేడికి చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కొత్త రింగులు సరిగా ఒదగవు. మన ఎండ ఎంతైనా 50 డిగ్రీల లోపే. ఆ వాల్వు తెరుచుకోవడం మొదలయ్యేది 82 దగ్గర. ఎండకూ దానికీ సంబంధమేమిటో ఆటోనగర్‌లో ఎవరైనా నాకు కూర్చోబెట్టి చెప్పాలి. కొత్తది వేయించాను.

ఇక సెల్ఫ్ గీరుడు. ఎర్తు సరిచేశాక సెల్ఫ్ వేగంగా తిరగడం మొదలైంది, దానితోపాటు అంతవరకు వినపడని ఇంకో శబ్దం బయటపడింది. తాళం తిప్పగానే ఒక్కొక్కసారి "టంగ్" అని తగిలి, వెంటనే "గర్ర్" అని గీరుకుని, ఆ తర్వాత పట్టుకునేది. అంటుకున్నాక తాళం వదిలినా ఒక క్షణం "కూయ్" అని సాగేది. ఇవి రెండు వేరు శబ్దాలని మొదటి రోజే అనిపించింది. క్యాలెండరు మీద గుర్తులు పెట్టాను. 27 స్టార్టులకు 11 గీరుళ్లు.

ముందు ఫ్లైవీల్ అనే ఇంజన్ చక్రం చుట్టూ ఉండే పళ్ల కడియం, రింగు గేరు, అరిగిందనుకున్నాను. మూడు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడల్లా ఎక్కువగా మూడు చోట్లలోనే ఆగుతుంది, కంప్రెషన్ ఎదురు తన్నే చోట. సెల్ఫ్ పళ్లు ఎప్పుడూ ఆ మూడు చోట్లే తగులుతాయి కాబట్టి అక్కడే అరుగుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక. గీరుకున్న వెంటనే ఆపి, బండిని నాలుగో గేరులో పెట్టి జానెడు తోయాలి. పళ్లు కొత్త చోటికి వస్తాయి. మళ్లీ కొడితే శబ్దం పోవాలి. క్రాంకు పుల్లీ మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకుని పది సార్లు చేశాను. ఆగిన చోటా గీరుకుంటోంది, తోసిన చోటా గీరుకుంటోంది. పక్కింటి కుర్రాడు గోడ మీంచి చూసి "బండి చెడిపోయిందా తాతగారూ?" అని అడిగాడు. లేదు, నేనే చెడిపోయానని చెప్పాను.

అంటే అరుగుదల కాదు. సెల్ఫ్ బోల్టులు బిగువుగానే ఉన్నాయి. అక్కడ నా చదువు అయిపోయింది, సెల్ఫ్ డైనమో షాపు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వయసు డెబ్భై పైనే ఉంటుంది. సెల్ఫ్ విప్పి బల్ల మీద పెట్టి, ముందున్న చిన్న గేరును బొటనవేలితో ఒక వైపు తిప్పాడు, తిరిగింది. రెండో వైపు తిప్పాడు, పట్టింది. అది సరిగ్గానే ఉంది, కానీ ముందుకూ వెనక్కూ జరిపితే జిగురుగా కదులుతోంది. వేలు వాసన చూసి "తియ్యగా ఉంది. నీళ్లు పడ్డాయి దీని మీద" అన్నాడు. వారం రోజులు కూలెంట్ చుక్కచుక్కగా పడి, ఎండి, ఆ చిన్న గేరును జరిపే బెండిక్స్ మీద పాకంలా పట్టింది. ఇంజన్ అంటుకున్నాక గేరు వెంటనే వెనక్కి జారలేక ఇంజన్ వేగానికి తిరుగుతూ "కూయ్" అంటోంది. పెట్రోలుతో కడిగి, ముందున్న బుష్ మార్చి, చాలా పలచగా నూనె రాశాడు. గ్రీజు మెత్తుతారు చాలామంది, క్లచ్ దుమ్ము పట్టి మళ్లీ అదే గతి అన్నాడు. కూయ్ పోయింది. ఒక లీకు వల్ల రెండు రోగాలన్న మాట.

గర్ర్ పోలేదు. పెద్దాయన చిన్న గేరు పళ్ల అంచులు నాకు చూపించాడు. సుత్తితో కొట్టినట్టు ముక్కులు చిట్లి ఉన్నాయి. తర్వాత సెల్ఫ్ తీసిన రంధ్రంలోకి టార్చి వేసి, "లోపలి పళ్లు చూడండి సార్, మన వైపు అంచు ఎలా ఉందో" అన్నాడు. చూశాను. కత్తిలా నిటారుగా ఉన్నాయి. "అటు వైపు?" చిన్న అద్దం ముక్క లోపలికి పెట్టి చూపించాడు. అటు వైపు అంచులు ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. సెల్ఫ్ గేరు దూరే వైపు రింగు పళ్లకు ఏటవాలు అంచు ఉంటుంది, పన్ను పన్నుకు తగిలినా జారి సందులోకి వెళ్లడానికి. పాత రింగు ఒక వైపు అరిగి ఉండాలి. కొత్తది వేయకుండా, పాతదాన్నే వేడి చేసి ఊడదీసి, తిరగేసి మళ్లీ ఎక్కించారు. చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకునే రోజులు గుర్తొచ్చాయి. తిరగేయడం తప్పు కాదు, పూర్వం అందరూ చేసేవాళ్లే. తిప్పాక కొత్త వైపు పళ్లకు అంచులు చెక్కాలి. చెక్కలేదు. బిల్లులో మాత్రం "రింగ్ గేర్" అని ఒక పద్దు ఉంది, 650 రూపాయలు.

ఆ బిల్లు జేబులో పెట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. పాత వాటర్ పైపు, పేపర్ల కట్ట కూడా తీసుకెళ్లాను. మేస్త్రీ పేపర్ల మీద మరకలు ఒక్కొక్కటీ చూశాడు, తారీకులు చూశాడు, పైపు చివర వేలు పెట్టి చూశాడు. కొంతసేపు మాట్లాడలేదు. రింగు గేరు సంగతి అడిగితే ఫ్లైవీలు పనికి పంపిన మనిషి పేరు చెప్పి తిట్టాడు. అతను తిట్టింది మనిషినే, పనిని కాదు. "నేను చూసుకోవలసింది సార్" అన్న ముక్క ఒకటి చివర వచ్చింది. ఆ ముక్క కోసమే నేను పేరు రాయడం లేదు.

గేరుబాక్సు దింపి కొత్త రింగు నా కళ్ల ముందే ఎక్కించారు. చూడవలసిన పని అది. గ్యాసు మంట మీద రింగును సమంగా తిప్పుతూ కాల్చారు. ఒకేచోట మంట ఆడిస్తే పళ్ల గట్టిదనం పోతుందని కుర్రాడికి చెబుతూ మేస్త్రీయే తిప్పాడు. వేడికి వెడల్పయిన రింగును పట్టకారుతో ఎత్తి చల్లని ఫ్లైవీలు మీద పెడితే, సుత్తి దెబ్బ కూడా లేకుండా టప్పున కూర్చుంది. చల్లారేకొద్దీ బిగుసుకుపోయింది. ఏటవాలు అంచులు ఏ వైపు ఉన్నాయో నేను, మేస్త్రీ, కుర్రాడు ముగ్గురం విడివిడిగా చూశాం. ఈ పనికి కూలి తీసుకోలేదు, రింగు డబ్బు కూడా అడగలేదు. అనవసరంగా మార్పించిన హోసు డబ్బు మాత్రం తిరిగి రాలేదు, నేనూ అడగలేదు.

మొత్తం ఖర్చు మొదటి బిల్లు 34,200. ఆ తర్వాత పైపు, థర్మోస్టాట్, కూలెంట్, సెల్ఫ్ బుష్, కడగడం, ఇద్దరు మేస్త్రీల కూలి అన్నీ కలిపి 3,150. విజయవాడ రాకపోకల పెట్రోలు లెక్కలో వేయలేదు, మా ఆవిడ వేసింది.

నా మార్కులు అడిగితే: బోరు, హెడ్డు, వాల్వుల పనికి అయిదులో నాలుగున్నర. ఇప్పటికి 1,900 కిలోమీటర్లు తిరిగాను, పొగ లేదు, ఆయిల్ పుల్ల మీద మట్టం కదల్లేదు. ఇంజన్ మళ్లీ బండిలో ఎక్కించి బిగించిన పనికి ఒకటిన్నర. ఆ అర మార్కు రెండోసారి రింగు ఎక్కించిన తీరుకు. ఫిర్యాదు విన్న తీరుకు సున్నా వేద్దామనుకున్నాను, "నేను చూసుకోవలసింది" అన్నందుకు ఒకటి. మళ్లీ అక్కడికే వెళ్తారా అని అల్లుడు అడిగాడు. ఇంజన్ విప్పే పని ఉంటే వెళ్తాను. బిగించే రోజు మడత కుర్చీ, ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్లి పక్కనే కూర్చుంటాను. వెళ్లేవాళ్లు బండి ఇచ్చేటప్పుడే వాటర్ పైపు, హోసులు, థర్మోస్టాట్, రింగు గేరు వేటిని మారుస్తారో, వేటిని పాతవే వేస్తారో కాగితం మీద రాయించుకోండి. తీసేసిన సామాను సంచిలో వేసి ఇమ్మనండి. రాత్రంతా చల్లారిన బండిని ఒకసారి మీ వాకిట్లో చూసుకున్నాకే ఆఖరి పదివేలు ఇవ్వండి.

ఇది రాస్తుండగా మా ఆవిడ వచ్చి బండి కింద ఏదో మరక ఉందని చెప్పింది. వెళ్లి చూశాను. ఆకుపచ్చ కాదు, నల్లగా ఉంది, మిరియం గింజంత. ఆయిలు దింపే బోల్టు దగ్గర కావచ్చు. కొత్త పేపరు పరిచి వచ్చాను, ఈసారి ఆదివారం సంచిక. రేపు ఉదయం చూడాలి.